స్పాయిలర్‌ను సరిగ్గా దాచడం ఎలా: టెలిగ్రామ్ నుంచి వాట్సాప్ దాకా సమగ్ర మార్గదర్శి

కథలో మలుపు గురించి మాట్లాడాలి, కానీ చూడనివాళ్ళ కంట పడకూడదు. అలా ముందే తెలిసిపోయి మజా పోగొట్టే సంగతినే స్పాయిలర్ అంటారు. దీనికి మాటకు అటూ ఇటూ రెండేసి నిలువు గీతలు, ||ఇలా||, పెట్టి ముసుగు వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ గీతలు పెట్టడం నేర్చుకోవడానికి ఒక నిమిషం చాలు. అయినా స్పాయిలర్లు బయటపడుతూనే ఉంటాయి. అవి గీతల మధ్య నుంచి జారవు. శీర్షికలోంచి, లింకు కింద వచ్చే బొమ్మలోంచి, ఫోన్ పైన మెరిసే నోటిఫికేషన్‌లోంచి, ముసుగు బయట మిగిలిపోయిన ఒక క్రియాపదంలోంచి జారతాయి. అందుకే ఈ వ్యాసంలో ఏ యాప్‌లో ఏ గుర్తు పెట్టాలో చెబుతూనే, ఆ గుర్తు చుట్టూ ఏం రాయాలన్నదానికి ఎక్కువ చోటిచ్చాను.

తెలుగువాళ్ళకు ఈ అవసరం కాస్త ఎక్కువే. పెద్ద సినిమాలకు అమెరికాలో ప్రీమియర్లు ముందురోజు సాయంత్రమే పడతాయి. డల్లాస్‌లో మొదటి షో వదిలేసరికి హైదరాబాద్‌లో చాలామంది ఇంకా నిద్ర లేవరు. లేచి ఫోన్ తీసేసరికి కుటుంబం గ్రూపులో బాబాయి క్లైమాక్స్ చెప్పేసి ఉంటాడు. సినిమాలే కాదు, రియాలిటీ షోలో ఈ వారం ఎవరు బయటికొచ్చారో, రాత్రి నిద్రపోయి పొద్దున రికార్డింగ్ చూద్దామనుకున్న మ్యాచ్‌లో ఎవరు గెలిచారో, గళ్ళనుడికట్టులో ఏడో అడ్డం జవాబేమిటో, అన్నీ ఈ కోవలోకే వస్తాయి.

గుర్తు పెట్టేముందు: బయట ఏముండాలి?

ముసుగు తీయాలా వద్దా అని తేల్చుకోవలసింది చదివేవాళ్ళు. అందుకు కావలసిన సమాచారం మీరు ముసుగు బయట ఇవ్వాలి. "స్పాయిలర్ అలర్ట్!!!" అని రాసి కింద నల్లపట్టీ పెడితే అది ఏ సినిమాదో, ఎన్నో ఎపిసోడ్‌దో ఎవరికి తెలుస్తుంది? తెలుసుకోవాలంటే తీసి చూడాలి. తీస్తే అయిపోయింది.

ఉదాహరణకు ‘కరణం గారి బావి’ అని లేని సినిమా ఒకటి ఊహించుకుందాం. ఊళ్ళో కరణాన్ని ఎవరో చంపేస్తారు. చంపినది ఆ ఇంటి వంటమనిషి సీతమ్మ అని చివర్లో గానీ తెలియదు. దీని గురించి రాసేటప్పుడు బయట ఉండాల్సిన వాక్యం ఇలా ఉంటుంది:

కరణం గారి బావి, సినిమా మొత్తం చూసినవాళ్ళ కోసం, హత్య ఎవరు చేశారన్న సంగతి: ||వంటమనిషి సీతమ్మే చంపిందని మొదటి పాటలోనే చూపించేశారు||

ఇందులో మూడు ముక్కలున్నాయి. దేని గురించి, ఎంతవరకు చూసినవాళ్ళు చదవొచ్చు, లోపల ఏ తరహా సంగతి ఉంది. వెబ్ సిరీస్ అయితే రెండో ముక్క చాలా ముఖ్యం. "ఆరో ఎపిసోడ్ వరకు" అని రాస్తే నాలుగులో ఉన్నవాళ్ళు ఆగుతారు, ఎనిమిదీ చూసేసినవాళ్ళు హాయిగా చదువుతారు. నవలకైతే అధ్యాయం సంఖ్య రాయండి. పేజీ సంఖ్య వద్దు, ముద్రణను బట్టి మారుతుంది.

మూడో ముక్క దగ్గర జాగ్రత్త. లోపలి విషయం ఏ తరహాదో చెప్పబోయి విషయమే చెప్పేస్తుంటాం. "హీరో చనిపోయే సీను గురించి" అని బయట రాశాక లోపల దాచడానికి ఏం మిగిలింది? "క్లైమాక్స్‌లో వచ్చే కేమియో" అన్నా అంతే. మన సినిమాల్లో కేమియో ఉందని తెలియడమే సగం స్పాయిలర్, పేరు ఊహించడానికి అభిమానులకు రెండు నిమిషాలు చాలు. "ట్విస్ట్ మాత్రం చెప్పను, మీరే చూడండి" అనడం కూడా నా లెక్కలో తప్పే. ఆ మాట చదివినవాడు సినిమా అంతా ట్విస్ట్ కోసం కాచుకుని కూర్చుంటాడు. "ఇంటర్వెల్ తర్వాత ఒక సీను గురించి" అని చప్పగా రాయండి. ఇక్కడ చప్పదనమే కావాలి.

అలాగని రివ్యూ మొత్తాన్ని ముసుగులో పెట్టేయకండి. వరసగా నల్లపట్టీలే కనిపిస్తే ఎవరూ చదవరు. నటన, సంగీతం, నిడివి, మొదటి అరగంట కథ బయట ఉండొచ్చు. బయట ఉన్నది ఒక్కటే చదివినా అర్థమయ్యేలా రాసుకుని, దాచాల్సిన రెండు మూడు వాక్యాలనే దాచండి.

తెలుగు వాక్యం మనల్ని పట్టించే తీరు

ఈ భాగం ఇంగ్లీషు గైడ్లలో దొరకదు. మన క్రియాపదం చివర్లో కర్త ఎవరో కొంత చెప్పేస్తుంది. ఇది చూడండి:

||సీతమ్మ|| కరణాన్ని చంపింది.

పేరు దాగింది. కానీ "చంపింది" అన్న మాట బయటే ఉంది, అంటే హంతకుడు మగవాడు కాదని తేలిపోయింది. సినిమాలో అనుమానితులు అయిదుగురై, వాళ్ళలో ఒక్కరే ఆడమనిషి అయితే ఇంక ముసుగెందుకు? "చంపాడు" అని ఉంటే సీతమ్మ ఒక్కర్తినీ కొట్టేయొచ్చు. "చంపారు" అంటే ఇద్దరు ముగ్గురు కలిసి చేశారనో, పెద్దమనిషి చేశాడనో అనుమానం వస్తుంది. ఆమాటకొస్తే, "హంతకుడు ఎవరంటే" అని మొదలుపెట్టడం కూడా చదివేవాళ్ళను ఒక దారిలోకి నెడుతుంది. అది తప్పుదారి అయితే అయింది గానీ మీరు చెప్పదలచుకున్నది అది కాదు కదా.

దీనికి మందు తెలుగులోనే ఉంది. క్రియను ముందుకు తెచ్చి పేరును చివర పెట్టండి:

కరణాన్ని చంపింది ||సీతమ్మ||.

ఈ వరసలో "చంపింది" అన్నది ఆడా మగా ఎవరికైనా సరిపోతుంది. "చంపింది రంగయ్య" అన్నా తప్పు కాదు. ఇక ఏమీ తెలియదు. ఇంకా నిక్కచ్చిగా ఉండాలంటే వాక్యం మొత్తం లోపల పెట్టేయడమే.

విభక్తుల సంగతి కూడా ఇలాంటిదే. "పోలీసులు ||రంగ||ణ్ణి పట్టుకున్నారు" అని పేరును మధ్యకు విరిచి, ప్రత్యయాన్ని బయట వదిలేస్తే అది ‘డు’తో ముగిసే మగ పేరని చెప్పినట్టే. "||...||కు" అని రాస్తే పేరు చివర ఇకారం ఉండదని వ్యాకరణం తెలిసినవాళ్ళు పట్టేస్తారు. పజిళ్ళు ఇష్టపడే గ్రూపుల్లో ఇలా పట్టేవాళ్ళే ఎక్కువ. పేరుకు అతికిన ప్రత్యయాన్ని, "గారు"ను కూడా పేరుతోపాటు ముసుగులోకి లాగండి.

పట్టీ పొడవు ఇంకో సమస్య. చాలా చోట్ల నల్లపట్టీ లోపలి మాట ఎంత ఉంటే అంతే పొడవుంటుంది. అనుమానితుల్లో ఒకరి పేరు ‘రవి’, ఇంకొకరి పేరు ‘సత్యనారాయణమూర్తి’ అయితే పట్టీ చూసి చెప్పేయొచ్చు. పేరొక్కటే కాకుండా దాని పక్కన మరో నాలుగు మాటలు కలిపి దాచితే ఈ ఇబ్బంది పోతుంది.

గుర్తులు, కీబోర్డు

నిలువు గీత, అంటే | అనే గుర్తు, ల్యాప్‌టాప్‌లో సాధారణంగా ఎంటర్ కీ పైన ఉంటుంది, షిఫ్ట్ పట్టుకుని నొక్కాలి. తెలుగు కీబోర్డు ఆన్ చేసి ఉంటే ఆ కీ వేరే అక్షరం ఇవ్వొచ్చు. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కి ఇంగ్లీషుకు మారి గీత కొట్టి మళ్ళీ వెనక్కి రండి. ఫోన్‌లో జీబోర్డ్ అయితే ?123 నొక్కి, ఆ తర్వాత =\< నొక్కితే పై వరసలో కనిపిస్తుంది.

కొన్ని భారతీయ భాషల కీబోర్డుల్లో పద్యాల చివర పెట్టే ।, ॥ అనే దండాలు ఉంటాయి. చూడ్డానికి నిలువు గీతలాగే ఉంటాయి. యాప్‌కు మాత్రం అవి వేరే అక్షరాలు, వాటితో ఏమీ దాగదు. "నేను గీతలు పెట్టానే, ఎందుకు కనిపిస్తోంది?" అని తల పట్టుకుంటే ముందు చూడాల్సింది ఇదే.

టెలిగ్రామ్

స్పాయిలర్ దాచడానికి నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే బాగున్నది ఇదే. 2021 డిసెంబరు చివర్లో ఈ సౌకర్యం వచ్చింది. ఫొటోలకు, వీడియోలకు ఏడాది తర్వాత కలిపారు.

1. మెసేజ్ టైప్ చేయండి, పంపకండి.
2. దాచాల్సిన భాగాన్ని వేలితో నొక్కి పట్టి సెలెక్ట్ చేయండి.
3. పైన వచ్చే మెనూలో ఫార్మాటింగ్‌కు వెళ్ళి స్పాయిలర్ ఎంచుకోండి. ఆండ్రాయిడ్‌లో ఇది మూడు చుక్కల వెనక ఉండొచ్చు. కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కితే చాలు.
4. పంపండి. ఆ భాగం మెరిసే చుక్కల వెనక్కి వెళ్తుంది.

సెలెక్ట్ చేసే ఓపిక లేకపోతే మాటకు రెండు వైపులా రెండేసి గీతలు, ||ఇలా||, పెట్టినా పనిచేస్తుంది. ఫొటో పంపేటప్పుడైతే దాన్ని ఎంచుకున్నాక మెనూలో స్పాయిలర్‌తో దాచే ఎంపిక కనిపిస్తుంది.

చాట్ జాబితాలోనూ, నోటిఫికేషన్‌లోనూ కూడా ఆ భాగం చుక్కలుగానే కనిపించడం దీని గొప్పతనం. ఒక లోపం ఏమిటంటే, ఒకే మెసేజ్‌లో నాలుగు చోట్ల దాచినా ఒక్కచోట తాకితే అన్నీ తెరుచుకుంటాయి. పొడుపుకథకు మొదటి క్లూ, రెండో క్లూ, జవాబు ఒకదాని తర్వాత ఒకటి చూపించాలనుకుంటే మూడు వేర్వేరు మెసేజ్‌లు పంపండి. ఇంకొక సంగతి: దాచిన మెసేజ్‌ను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే ముసుగు రాదు, మాట ఒక్కటే వస్తుంది.

డిస్కార్డ్

గేమర్లు, అభిమానులు గుంపులుగా కబుర్లాడుకునే ఈ యాప్‌లోనూ అవే రెండేసి గీతలు. కంప్యూటర్‌లో రాసిన మాటను సెలెక్ట్ చేస్తే పైన చిన్న పట్టీ వస్తుంది, అందులో కన్ను బొమ్మ నొక్కినా సరే. గీతలు మొదటి పేరాలో మొదలై మూడో పేరాలో ముగిసినా మొత్తం దాగుతుంది. ప్రతి పట్టీ విడిగా తెరుచుకుంటుంది కాబట్టి క్విజ్‌లకు ఇది చక్కగా ఉంటుంది. కోడ్ కోసం వాడే వెనక్కి వాలిన కోట్ గుర్తుల మధ్య మాత్రం గీతలు గీతలుగానే కనిపిస్తాయి.

ఫొటో పెట్టేటప్పుడు, పంపకముందే దాని మీద కనిపించే కన్ను గుర్తు నొక్కండి. ఫోన్‌లో అయితే జతచేసిన ఫొటోను తాకితే స్పాయిలర్‌గా గుర్తించే ఎంపిక వస్తుంది. లింకు ఇవ్వాలంటే దాన్నీ గీతల మధ్య పెట్టండి, కింద వచ్చే బొమ్మ కూడా దాగుతుంది.

రెడిట్

ఈ చర్చావేదికలో గుర్తులు వేరు. మొదట్లో >! చివర్లో !< పెట్టాలి:

>!కరణాన్ని చంపింది సీతమ్మ!<

మూడు చోట్ల తప్పులు జరుగుతాయి. మొదటిది ఖాళీ. ఆశ్చర్యార్థకం తర్వాత స్పేస్ ఇవ్వకూడదు. స్పేస్ ఉంటే రెడిట్ పాత రూపంలో చూసేవాళ్ళకు అంతా తెరిచే ఉంటుంది. కొన్ని ఫోన్ కీబోర్డులు విరామచిహ్నం తర్వాత వాటంతట అవే ఖాళీ పెడతాయి, పంపేముందు చూసుకోండి. రెండోది పేరాలు. ఒక పేరాలో మొదలుపెట్టి ఇంకో పేరాలో ముగిస్తే కుదరదు, ప్రతి పేరాకూ విడిగా గుర్తులు పెట్టాలి. మూడోది ఎడిటర్. బటన్ల బొమ్మలున్న ఎడిటర్‌లో ఈ గుర్తులు చేత్తో టైప్ చేస్తే గుర్తులు గుర్తులుగానే పడొచ్చు. అక్కడ సెలెక్ట్ చేసి స్పాయిలర్ బటన్ నొక్కండి, లేదా గుర్తులు టైప్ చేసే మార్క్‌డౌన్ ఎడిటర్‌కు మారండి.

పోస్టు మొత్తానికి స్పాయిలర్ ట్యాగ్ కూడా పెట్టొచ్చు. అది లోపలి రాతను, బొమ్మను మసక చేస్తుంది. శీర్షికను చేయదు. "సీతమ్మ అలా చేస్తుందని ఎవరైనా ఊహించారా?" అని శీర్షిక పెట్టి స్పాయిలర్ ట్యాగ్ తగిలించేవాళ్ళను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

వాట్సాప్: బటన్ లేని చోట ఏం చేయాలి?

తెలుగువాళ్ళ స్పాయిలర్లలో ఎక్కువ భాగం జారేది ఇక్కడే. వాట్సాప్‌లో బోల్డ్ ఉంది, ఇటాలిక్ ఉంది, కొట్టివేత గీత ఉంది. నిలువు గీతలు పెడితే మాత్రం అవి అలాగే కనిపిస్తాయి, మధ్యలో ఉన్న రహస్యంతో సహా. కాబట్టి పక్కదారులు వెతుక్కోవాలి. నాకు నచ్చిన వరసలో చెబుతాను.

అన్నిటికంటే మంచిది వేరే గ్రూపు. ఇరవై మంది ఉన్న కుటుంబం గ్రూపులో సినిమా చూసింది నలుగురే అయితే, ఆ నలుగురికీ "చూసినవాళ్ళు మాత్రమే" అని ఒక చిన్న గ్రూపు చేసుకోండి. ఎవరెవరు చూశారో తెలియకపోతే పెద్ద గ్రూపులో పోల్ పెట్టండి. "చూశా", "ఈ వారం చూస్తా", "ఓటీటీలో చూస్తా" అని మూడు ఎంపికలు చాలు. పెద్దవాళ్ళు ఉన్న గ్రూపుల్లో చుక్కలూ, గుర్తులూ నేర్పించడం కంటే ఇది తేలిక.

రెండోది వాయిస్ మెసేజ్. ముందు ఒక లైను టైప్ చేయండి: "కరణం గారి బావి క్లైమాక్స్ గురించి కింది వాయిస్‌లో చెప్పాను, చూడనివాళ్ళు వినకండి." తర్వాత వాయిస్ పంపండి. మాట్లాడిన మాట పొరపాటున కంట పడదు. వినాలంటే ప్లే నొక్కి తీరాలి. ఈ సులువైన పద్ధతిని ఎందుకో ఎక్కువమంది వాడరు.

మూడోది ‘వ్యూ వన్స్’. రాసినదాన్ని స్క్రీన్‌షాట్ తీసి, పంపేటప్పుడు అంకె 1 ఉన్న చిన్న వృత్తం నొక్కితే అది మూసిన కవర్‌లా వెళ్తుంది. తెరిస్తే గానీ ఏమీ కనిపించదు. ఫొటోలకు, వీడియోలకు ఇది 2021లో వచ్చింది, వాయిస్ మెసేజ్‌లకు 2023 డిసెంబరులో వచ్చింది. ఒకసారి చూశాక పోతుంది, కాబట్టి చర్చకు పనికిరాదు. జవాబు చెప్పడానికి పనికొస్తుంది.

ఇక అందరికీ తెలిసిన చుక్కల పద్ధతి. మొదటి లైనులో హెచ్చరిక, తర్వాత ఒక్కో లైనులో ఒక్కో చుక్క పెట్టుకుంటూ ముప్ఫై నలభై లైన్లు, ఆ తర్వాత అసలు సంగతి. మెసేజ్ పొడవు పెరిగితే వాట్సాప్ దాన్ని మడిచి "మరింత చదవండి" అని చూపిస్తుంది, అదే మీకు ముసుగు. మొదట్లోనే ఖాళీ లైన్లు పెడితే లాభం లేదు, పంపేటప్పుడు యాప్ వాటిని కత్తిరిస్తుంది. హెచ్చరిక మాట ముందుండాల్సిందే. పంపాక మీ ఫోన్‌లో మడత పడిందో లేదో చూడండి. చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్‌కు మాత్రం ఈ చుక్కలన్నీ నరకం, వాళ్ళున్న గ్రూపులో వాయిస్ పద్ధతికే వెళ్ళండి.

ఒక్కరితోనే మాట్లాడాలంటే గ్రూపులో వాళ్ళ మెసేజ్‌ను నొక్కి పట్టి, మెనూలో "ప్రైవేట్‌గా జవాబు" ఎంచుకోవచ్చు.

మీ సొంత పేజీలో దాచడం

సినిమా రివ్యూలకు సొంత సైటు ఉన్నవాళ్ళు తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు రాసే పాత చిట్కా వాడుతుంటారు. చదవాలనుకున్నవాళ్ళు మౌస్‌తో సెలెక్ట్ చేస్తే కనిపిస్తుంది. ఇప్పుడు దీన్ని మానేయడమే మంచిది. డార్క్ మోడ్‌లో చూసేవాళ్ళకు నల్ల తెర మీద తెల్ల అక్షరాలు దీపాల్లా కనిపించొచ్చు. స్క్రీన్ రీడర్ రంగు చూడదు, ఉన్నదంతా చదివేస్తుంది. ఫోన్‌లో సెలెక్ట్ చేయడం ఒక యాతన.

దానికి బదులు ‘డీటెయిల్స్’, ‘సమ్మరీ’ అనే రెండు హెచ్‌టీఎంఎల్ ట్యాగులు వాడండి. కింద తెలుగు లిపిలో రాశాను గానీ ట్యాగుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి:

<డీటెయిల్స్>
<సమ్మరీ>కరణం గారి బావి: హత్య ఎవరు చేశారు?</సమ్మరీ>
వంటమనిషి సీతమ్మ.
</డీటెయిల్స్>

సమ్మరీలో రాసినది బయట కనిపిస్తుంది, పక్కన చిన్న త్రికోణం ఉంటుంది. నొక్కితే మిగతాది తెరుచుకుంటుంది. జావాస్క్రిప్ట్ అక్కర్లేదు, ఇప్పటి బ్రౌజర్లన్నిటిలో పనిచేస్తుంది, స్క్రీన్ రీడర్‌తోనూ కుదురుతుంది. ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్‌లో కూడా ఇవే ట్యాగులు నడుస్తాయి.

చర్చావేదికల సాఫ్ట్‌వేర్లలో డిస్కోర్స్, జెన్‌ఫోరో లాంటివాటిలో చదరపు బ్రాకెట్ల మధ్య స్పాయిలర్ అన్న ఇంగ్లీషు మాట రాసి మొదలుపెట్టి, ముగింపులో ఆ మాటకు ముందు వాలుగీత పెడితే చాలు. మాస్టొడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో కంటెంట్ వార్నింగ్ బటన్ ఉంటుంది. అక్కడ రాసిన హెచ్చరికే ముందు కనిపిస్తుంది, మిగతాది నొక్కితే వస్తుంది.

అసలు ఈ బటన్లేవీ లేని రోజుల్లో ఏం చేసేవారంటే, 1980ల నాటి చర్చావేదికల వ్యవస్థ అయిన యూజ్‌నెట్‌లో రాట్13 అనే పద్ధతి ఉండేది. ఇంగ్లీషులో 26 అక్షరాలు. ప్రతి అక్షరాన్నీ 13 స్థానాలు ముందుకు జరిపితే చదవడానికి వీల్లేని రాత వస్తుంది, ఇంకోసారి 13 జరిపితే మామూలైపోతుంది. హెచ్చరిక తర్వాత తెర నిండా ఖాళీ లైన్లు వదిలే అలవాటు కూడా అక్కడిదే. అప్పటి టెర్మినళ్ళలో తెరకు 24 లైన్లు పట్టేవి కాబట్టి అన్ని వదిలేవారు. మన వాట్సాప్ చుక్కలు దాని మనవలే. రాట్13 మార్చే సైట్లు ఇప్పటికీ ఉన్నాయి, కానీ అది ఇంగ్లీషు అక్షరాలనే జరుపుతుంది. తెలుగు లిపిలో రాసింది అందులో వేస్తే ఏ మార్పూ లేకుండా అలాగే బయటికొస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగైతే పనిచేస్తుంది.

గీతల బయట నుంచి జారేవి

లింకులు. మీరు జాగ్రత్తగా రాసి, చివర్లో ఒక రివ్యూ లింకు పెట్టారు. దాని కింద వచ్చే పెట్టెలో శీర్షిక, బొమ్మ రెండూ స్పాయిలరే. టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో పంపకముందు ఆ ప్రివ్యూ మీద ఇంటూ గుర్తు ఉంటుంది, నొక్కేయండి.

నోటిఫికేషన్. టెలిగ్రామ్ దాస్తుంది కదా అని అన్నీ దాస్తాయనుకోకండి. కొన్ని చోట్ల కొత్త పోస్టు ఈమెయిల్‌గా కూడా వెళ్తుంది, అందులో ముసుగు ఉండకపోవచ్చు. అందుకే మొదటి రెండు లైన్లు ఎప్పుడూ మామూలు మాటలే ఉండాలి. పోస్టు చేశాక సరిదిద్దినా, ముందే వెళ్ళిపోయిన ఈమెయిల్ మారదు.

శోధన. డీటెయిల్స్ వెనక దాచినా, రంగుతో దాచినా, ఆ మాటలు పేజీలో ఉన్నట్టే. సెర్చ్ ఇంజన్ వాటిని చదివి ఫలితాల కింద చూపించొచ్చు.

వీడియో థంబ్‌నెయిల్, ఫొటో. థియేటర్‌లో ఫోన్‌తో తీసిన బొమ్మ పెట్టడం స్పాయిలర్ కంటే పెద్ద తప్పు, అది పైరసీ. దాన్ని ముసుగేసి కూడా పెట్టొద్దు.

ఒక మాట మరిచిపోకూడదు. ఈ ముసుగు మర్యాద కోసం ఉన్నది, భద్రత కోసం కాదు. ఎవరైనా ఒక్క తాకుడుతో తీస్తారు. ఓటీపీ, బ్యాంకు వివరాలు, ఎవరి ఫోన్ నంబరైనా స్పాయిలర్ గీతల మధ్య పెట్టి "దాచాను" అనుకోవద్దు.

ఎన్నాళ్ళు దాచాలి?

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 జూలై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా నడిచింది. రెండో భాగం వచ్చిన వారంలో ఆ జవాబు బయట పెట్టడం నేరం, ఇప్పుడు దాచడం అనవసరం. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఎవరి గ్రూపు వాళ్ళు తేల్చుకోవాలి. నా మటుకు నేను సినిమాకు ఓటీటీ విడుదల తర్వాత రెండు వారాలు అంటాను. పల్లెల్లో, విదేశాల్లో దగ్గర్లో థియేటర్ లేనివాళ్ళు, చంటిపిల్లలున్నవాళ్ళు అప్పటిదాకా ఆగుతారు. మ్యాచ్‌కు మర్నాడు సాయంత్రం దాకా చాలు. గ్రూపు వివరణలో ఒక లైను రాసిపెడితే తర్వాత గొడవలుండవు.

స్పాయిలర్ తెలిస్తే ఏమవుతుందనేవాళ్ళూ ఉన్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగోలో ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, మలుపు ముందే తెలిసిన చిన్న కథలను పాఠకులు కాస్త ఎక్కువే ఇష్టపడ్డారని తేలింది. కావచ్చు. ముందే తెలుసుకోవాలా వద్దా అన్నది చదివేవాళ్ళ ఇష్టం, ఆ ఇష్టాన్ని మనం లాక్కోకూడదు.

చదివేవాళ్ళ వైపు నుంచి

ఇంకా చూడనివాళ్ళు మీరే అయితే ట్విటర్, అంటే ఇప్పటి ఎక్స్‌లో మ్యూట్ వర్డ్స్, అంటే మీరిచ్చిన మాటలున్న పోస్టులు కనిపించకుండా చేసే ఏర్పాటు, వాడండి. సెటింగ్స్‌లో ప్రైవసీ కింద ఉంటుంది. సినిమా పేరు, హ్యాష్‌ట్యాగ్, హీరో పేరు వేసి 7 రోజులకో 30 రోజులకో పెట్టుకోవచ్చు. తెలుగులో ఒక చిక్కుంది. సినిమా పేరును మ్యూట్ చేసినా, దానికి ‘లో’, ‘కి’, ‘ని’ అతుక్కుని ఉంటే జారిపోవచ్చు. ఆ రూపాలు కూడా వేయండి, ఇంగ్లీషు అక్షరాల్లో కూడా వేయండి.

డిస్కార్డ్‌లో స్పాయిలర్లు ఎప్పుడూ తెరిచే ఉంచే సెటింగ్ ఒకటి ఉంది. ఎవరూ ఏదీ దాచట్లేదని మీకు అనిపిస్తుంటే, ఎదుటివాళ్ళను తిట్టేముందు అది ఒకసారి చూసుకోండి.

పొరపాటున బయటపెట్టేస్తే

వాట్సాప్‌లో 15 నిమిషాల లోపు ఎడిట్ చేయొచ్చు, రెండు రోజులకు పైగా ‘అందరికీ డిలీట్’ చేయొచ్చు. ఎడిట్ కంటే డిలీట్ మేలు. టెలిగ్రామ్, డిస్కార్డ్, రెడిట్‌లలో ఎడిట్ చేసి గుర్తులు కలిపేయండి. ఎవరైనా మీ మెసేజ్‌ను కోట్ చేసి జవాబిచ్చి ఉంటే వాళ్ళను కూడా అడగండి, లేకపోతే మీరు తీసేసింది వాళ్ళ దగ్గర మిగులుతుంది.

క్షమాపణ చెప్పేటప్పుడు "సారీ, సీతమ్మే చంపిందని చెప్పేశాను" అని మళ్ళీ రాయకండి. "పైన ఒక మెసేజ్ తీసేశాను, సారీ" అంటే చాలు. ఏం తీసేశారని ఎవరైనా అడిగితే సినిమా చూశారా అని తిరిగి అడగండి.